పద్నాలుగు నిమిషాల అబద్ధం

"నోరు తెరువు. ఇంకా. ఇంకాస్త."

గుమాస్తా నోరు తెరిచాడు. పళ్ళ డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకున్నవాడికి నోరు తెరవడం తప్ప వేరే గతి ఉండదు. అందుకే పెద్దాయన తన ఏజెంట్లకు బ్రీఫింగులన్నీ ఈ కుర్చీలోనే ఇస్తాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో గుమాస్తా ఆయన్ని ఒక్క ఎదురు ప్రశ్న కూడా అడగలేకపోయాడు.

గుమాస్తా అనేది కోడ్ నేమ్. ఆ మొహం ఎంత మామూలుదంటే, చూసిన పది నిమిషాలకు ఎవరికీ గుర్తుండదు. గూఢచారికి అంతకు మించిన ఆస్తి ఇంకేం కావాలి? కట్టుకున్న భార్య కూడా ఆయన జీవిత బీమా ఆఫీసులో పనిచేస్తున్నాడనే నమ్ముతోంది.

"ముందు ఇది విను," అంటూ పెద్దాయన టేప్ ఆన్ చేశాడు.

ఒక ఆడగొంతు వినిపించింది. "రేపు నాలుగున్నరకి సార్ అత్తని చంపేస్తారట. నిన్న బావ అయిపోయాడు. మొన్న మరదలు. ఎంతమంది పోతేనేం, నలుగురు మిగిలితే చాలు, పని ఆగదు."

టేప్ ఆగింది. గుమాస్తా కళ్ళు పెద్దవయ్యాయి.

"యూనివర్సిటీలో ఒక కంప్యూటర్ రిసెర్చ్ ల్యాబ్ ఉంది. ఇది అక్కడి ఫోన్. హత్యలా, కోడ్ భాషా, నాకు తెలీదు. కానీ ఒక శవం మాత్రం నిజం. మన వడ్రంగి." పెద్దాయన చేతిలోని డ్రిల్ కిందికి దించాడు. వడ్రంగి కూడా ఏజెంటే. గుమాస్తాతో పాటు ట్రెయినింగ్ అయినవాడు. "మూడు వారాల క్రితం ఆ ల్యాబ్ మెషీన్ రూములో గ్యాస్ లీకై పోయాడని రిపోర్టు. మంటలు ఆర్పడానికి పెట్టిన గ్యాస్. మనిషి పీలిస్తే రెండు నిమిషాల్లో పోతాడు. లీక్ అంటే నేను నమ్మను."

డ్రిల్ గుయ్యిమంది.

"రేపు అయిదింటికి అక్కడ డెమో. వాళ్ళు కట్టిన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తొలిసారి రైల్వే జంక్షన్ సిగ్నళ్ళు నడుపుతుంది. అది చెడిందంటే దేశం మొత్తం సిగ్నళ్ళ కాంట్రాక్టు ఒక విదేశీ కంపెనీకి పోతుంది. ఆ కంపెనీ వెనక ఒక ముఠా ఉంది. మన స్విచ్చులన్నీ వాళ్ళ చేతిలో. అర్థమైందా?"

"ఆ."

"ఆ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. పేరు నెమలి. ఎవరో నాకూ తెలీదు. నువ్వు 'ఈ గదిలో చలి ఎక్కువండీ' అను. 'శాలువా కప్పుకోండి, కిటికీ మాత్రం తెరవకండి' అన్నవాళ్ళే నెమలి. ఇంకోటి. నీ దవడపన్నులో రేడియో పెట్టాను. నాలుకతో మూడుసార్లు నొక్కు, నువ్వు మాట్లాడేది నాకు వినిపిస్తుంది. ఇనుపగోడల మధ్య మాత్రం పనిచెయ్యదు."

"ఆ... ఆఁ?"

"మెషీన్ రూముకి ఇనుపగోడలా? అవును. ఉమ్మెయ్."

మర్నాడు పొద్దున పదింటికి గుమాస్తా ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబులో దిగాడు. నీలం చొక్కా, నడుముకి పనిముట్ల బెల్టు, చెవి మీద పెన్సిల్. ఏసీ మెకానిక్‌ని ఎవరూ ఆపరు, ఎవరూ కూర్చోమనరు కూడా.

మెషీన్ రూము మూడో అంతస్తులో ఉంది. కిటికీ లేదు. ఒకే ఒక తలుపు, దానికి అరచెయ్యంత అద్దం. ఓ మూల ఎర్రటి గ్యాస్ సిలిండర్లు ఆరు. వాటిని చూడగానే గుమాస్తా తలుపు వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు. మనలో మాట, ఆయనకు మూసిన గదులంటే చచ్చేంత భయం. లిఫ్టు ఎక్కడు. స్నానాల గది గడియ కూడా సగమే వేస్తాడు. ఈ సంగతి ఆఫీసు ఫైల్లో లేదు, పెద్దాయన కుర్చీలో చెప్పే వీలూ లేదు.

"అన్నా, ఆ అత్త మీద స్పానర్ పెట్టకండి!"

గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. మూడు పెద్ద ఇనుప బీరువాల్లాంటి ర్యాకుల వెనక, నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, కేబుళ్ళు కట్టలు కడుతోంది ఒక ముప్పైమూడేళ్ళ మనిషి. జుట్టుకు క్లిప్పు బదులు కేబుల్ టై. టేపులో విన్న గొంతు అదే.

"అత్త ఏంటమ్మా?"

"ఆ మెషీన్ పేరు. ఇది అత్త, అది బావ, ఇది మరదలు. తాత, నాయనమ్మ, పెద్దనాన్న, బాబాయ్ అవతలి క్యాంపస్‌లో ఉంటారు. మొత్తం ఏడుగురు. సిస్టమ్ పేరు ఉమ్మడి."

"మరి చంపడం...?"

"మీకెవరు చెప్పారు? రోజూ నాలుగున్నరకి మా సార్ వచ్చి ఎవరో ఒకరి కరెంటు వైరు పీకేస్తారు. ఎవర్నన్నది ముందుగా చెప్పరు, ఇవాళ డెమో కాబట్టి అత్త అని చెప్పారు. ఒకరు చచ్చినా మిగతావాళ్ళు పని ఆపకూడదు, వాడేవాడికి తెలియను కూడా తెలియకూడదు. మా రిసెర్చంతా అదే అన్నా. ఏ పనికైనా ఏడుగురిలో నలుగురు ఊ అంటే చాలు."

గుమాస్తాకి నవ్వొచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది, అనుకున్నాడు. కానీ వడ్రంగి చావు ఎలుక కాదు కదా. నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆవిణ్ణి అందరూ సీనియర్ అంటారు. ఎందుకంటే పీహెచ్‌డీలో చేరి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ తర్వాత చేరినవాళ్ళు డాక్టర్లై, పెళ్ళిళ్ళై, పిల్లల్ని బళ్ళో కూడా వేశారు. ఈవిడ మాత్రం ఆరో అధ్యాయం దగ్గర ఇరుక్కుపోయింది. అడగ్గానే చెప్పుకొచ్చింది, అడిగే నాథుడు ఇన్నాళ్ళకు దొరికినట్టు.

"టైం గురించి గొడవ అన్నా. ఏ మెషీన్ గడియారమూ కరెక్టుగా నడవదు. అందుకని ప్రతి నిమిషానికీ ఏడుగురూ తమ టైం చెప్తారు. అన్నీ కూడి ఏడుతో భాగిస్తే వచ్చేదే అందరి టైం. ఎవడో ఒకడు పిచ్చి టైం చెప్తే వాణ్ణి లెక్కలోంచి తీసెయ్యాలని నేనంటాను. సార్ ఒప్పుకోరు. 'నా ఇంట్లో ఎవరి మాటా తీసి పారెయ్యను' అంటారు. నాలుగేళ్ళయింది ఈ గొడవ మొదలై. మొన్న సెమినార్లో అందరిముందూ అరిచారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? కేబుళ్ళు కట్టుకుంటున్నాను."

సరిగ్గా నాలుగున్నరకు సార్ వచ్చారు. అరవై దాటినాయన, కుడి మోకాలు అరిగిపోయి కుంటుతూ నడుస్తారు. నడుముకు పాతకాలం ఇత్తడి తాళాల గుత్తి. ఈ బిల్డింగులో తలుపులు, లైట్లు, గ్యాస్ అన్నీ ఉమ్మడే నడుపుతుంది. కానీ కట్టిన మనిషి కదా, ప్రతి తలుపుకీ ఒక మామూలు తాళం కూడా ఉంచుకున్నారు. వెనకే రైల్వే అధికారులు, వాళ్ళ వెనక పరిమళం, ఆ పరిమళం వెనక విజిటింగ్ మేడమ్.

మేడమ్ మూడు నెలల కోసం వచ్చిన విదేశీ రిసెర్చర్. ముత్యాల కమ్మలు, నెరిసిన ఒకే ఒక్క పాయ, చక్కటి తెలుగు మాట. అవతలి క్యాంపస్ దాకా నడవడానికి అందరూ బద్ధకిస్తే, "పెద్దవాళ్ళు నలుగుర్నీ నేను చూసుకుంటాలెండి" అని రోజూ నడిచి వెళ్ళిన మహాతల్లి.

సార్ అత్త వైరు పీకారు. గోడ మీద స్క్రీన్‌లో అత్త పేరు ఎర్రబడింది. సిగ్నళ్ళ బొమ్మ చెక్కుచెదరలేదు. అధికారులు చప్పట్లు కొట్టారు.

"ఇంకో ఇద్దర్ని చంపినా ఇంతే," అన్నారు సార్ మురిసిపోతూ, వైరు మళ్ళీ పెడుతూ. "నాకు ఎంత నమ్మకమో చెప్పనా? అయిదింటి రైల్లో మొదటి బోగీలో మా ఆవిణ్ణి, మా మనవరాల్ని ఎక్కించాను."

అందరూ కింద అంతస్తులో ఉన్న డెమో హాలుకి దిగారు. మేడమ్ వెనకబడింది. గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"ఈ గదిలో చలి ఎక్కువండీ."

మేడమ్ తల తిప్పలేదు. "శాలువా కప్పుకోండి. కిటికీ మాత్రం తెరవకండి."

గుమాస్తా గుండె తేలికపడింది.

"సాక్ష్యం ఆ సిలిండర్ల వెనక ఉంది," అంది మేడమ్ గుసగుసగా. "వడ్రంగి దాచాడు. చూడండి. నేను తలుపు దగ్గర కాపలా ఉంటాను."

ఇరవై రెండేళ్ళ సర్వీసు, ఎన్ని సరిహద్దులు, ఎన్ని వేషాలు! అయినా గుమాస్తా వెళ్ళి సిలిండర్ల వెనక వంగి చూశాడు. ఏమీ లేదు. వెనక తలుపు 'టక్' మంది.

గోడకున్న స్పీకర్ ఫోన్ మోగి, గొంతు గదంతా వినిపించింది.

"నెమలికి రెండు కాళ్ళుంటాయి గుమాస్తా గారూ," అంది మేడమ్. అరచెయ్యంత అద్దంలో ఆవిడ ముత్యాల కమ్మ ఒక్కటే కనబడుతోంది. "మీ పెద్దాయన ఒక్క కాలే చూశాడు. పాపం, వడ్రంగీ అంతే."

"ఏం చేశావ్?"

"పెద్దవాళ్ళు నలుగురికీ నా పాఠం నేర్పాను. మూడు నెలలు పట్టింది. అయిదు కొట్టగానే ఉమ్మడి మూడు పనులు చేస్తుంది. జంక్షన్లో రెండు లైన్లకూ పచ్చ సిగ్నల్. ఎవరూ పరిగెత్తుకెళ్ళి ఆపకుండా బిల్డింగులో తలుపులన్నీ లాక్. మీ గదిలోకి గ్యాస్. ఇప్పుడే వదిలితే అలారం మోగి డెమో ఆగిపోతుంది, అందుకని కాస్త ఓపిక పట్టండి. నాకు నాలుగూ యాభై అయిదుకి కారొస్తుంది."

ఫోన్ చచ్చిపోయింది. గోడ గడియారంలో నాలుగూ ముప్పై ఎనిమిది.

గుమాస్తా పంటిని నాలుకతో మూడుసార్లు నొక్కాడు. ముప్పైసార్లు నొక్కాడు. ఇనుపగోడలు. తలుపుని భుజంతో గుద్దాడు. భుజమే నొచ్చింది. అప్పుడు భయం మొదలైంది. మామూలు భయం కాదు, గోడలు నాలుగూ ఒక్కో అంగుళం దగ్గరికి జరుగుతున్నట్టు, గాలి అప్పుడే అయిపోతున్నట్టు. నేల మీద కూలబడి మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. తను బతకాలి, రైళ్ళు ఆగాలి. రెండూ తన చేతిలో లేవు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆయనకు ఆ నిమిషాన అర్థమైంది.

"అన్నా, ఏడుస్తున్నారా?"

ర్యాకుల వెనకనుంచి కేబుల్ టై పెట్టుకున్న తల బయటికొచ్చింది. సీనియర్. ఇంతసేపూ అక్కడే ఉంది. సార్ వచ్చినప్పుడూ ఉంది, చప్పట్లప్పుడూ ఉంది, మేడమ్ తలుపు వేసినప్పుడూ ఉంది. తొమ్మిదేళ్ళుగా అదే చోట కూర్చున్న మనిషిని ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు. అంత తెలివైన మేడమ్ చేసిన ఒకే ఒక్క తప్పు అది.

"నువ్వు... విన్నావా?"

"అంతా విన్నాను. మీరు మెకానిక్ కాదని పొద్దున్నే తెలుసు. ఏసీ ఫిల్టరు తిరగేసి పెట్టారు." సీనియర్ మాటలు గబగబా వస్తున్నాయి. "ఆ నాయనమ్మ పనుల చిట్టాలో, అదే లాగ్ ఫైళ్ళలో, ఏదో తేడాగా ఉందని నెల నుంచి చెప్తున్నాను సార్‌కి. వింటేనా!"

గుమాస్తా లేచి బావ వైరు పట్టుకున్నాడు. "అన్నీ పీకేద్దాం!"

"పీకండి. కింద చప్పట్లు కొడతారు."

"ఏంటి?"

"ముగ్గురు చచ్చినా నలుగురు నడుపుతారు. సార్ గర్వంతో ఉబ్బిపోతారు. ఆ నలుగురే కదా ఆవిడ మనుషులు! ఎవరు చచ్చినా ఆగని సిస్టమ్ కట్టాం అన్నా. ఇప్పుడు ఆపాలంటే మా వల్లే కావట్లేదు."

"కంప్యూటర్లోంచి కబురు పంపలేవా?"

"డెమో కదా, మధ్యాహ్నం నుంచి మా అకౌంట్లన్నీ ఆపేశారు. ఆవిడ ఒక్కదానికే ఉంది."

"గ్యాస్ ఆపే లివర్?"

"ఉంది. తలుపు బయట. కట్టినవాడి తెలివి."

నాలుగూ నలభై ఒకటి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుమాస్తా ఆ మూడు మెషీన్ల వంక చూశాడు. పచ్చ లైట్లు బుద్ధిగా మిణుకుమంటున్నాయి. మంచివాళ్ళే పాపం ముగ్గురూ, కానీ ఇంట్లో చిన్నవాళ్ళు.

"వీళ్ళ ముగ్గురి మాట ఇక దేనికీ చెల్లదా?" అన్నాడు నీరసంగా.

"చెల్లదన్నా. నలుగురుంటేనే..." సీనియర్ ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. "ఒక్కదానికి తప్ప."

"దేనికి?"

"టైంకి! టైంకి ఓటింగ్ లేదు. అందరి మాటా కూడి భాగిస్తారు. ఎవరి మాటా తీసెయ్యరు. నా ఆరో అధ్యాయం!" ఆవిడ నుదురు కొట్టుకుంది. "ఈ ముగ్గురి గడియారాలు ముందుకు తిప్పితే ఏడుగురికీ టైం ముందుకు పోతుంది. ఆవిడ చెప్పిన అయిదు, అసలు అయిదు కంటే ముందే వచ్చేస్తుంది. అప్పటికి రైల్వేవాళ్ళు తాళం తిప్పరు. వాళ్ళు తాళం తిప్పితేనే సిగ్నళ్ళు ఉమ్మడి చేతికొస్తాయి, అదీ వాళ్ళ సొంత గడియారం చూసుకుని అయిదింటికి. అంటే ఉత్త బోర్డు మీద రెండు లైన్లకూ పచ్చ పడుతుంది. హాలంతా చూస్తుంది. పట్టాల మీద ఏమీ జరగదు!"

"అకౌంట్ లేకుండా గడియారం తిప్పగలవా?"

"మెషీన్ ఆపి మళ్ళీ వేస్తే, లేచేటప్పుడు ముందుగా టైం మార్చుకునే స్క్రీన్ ఒకటి వస్తుంది. దానికి పాస్‌వర్డ్ పెట్టాలని ఎవరికి తోస్తుంది?" నేల మీదున్న అట్టముక్క లాక్కుని కేబుల్ మార్కర్‌తో రాసింది. "నాలుగూ యాభై నాలుగుని అయిదు చెయ్యాలి. ఆరు నిమిషాలు. ఏడుగురికి ఆరేసి చొప్పున నలభై రెండు. ముగ్గురే మొయ్యాలి. తలా పద్నాలుగు."

అంతలోనే ఆవిడ చెయ్యి ఆగింది.

"చెప్పమ్మా."

"గ్యాస్ కూడా ఆ టైం ప్రకారమే అన్నా. మనం ఆరు నిమిషాలు ముందే చస్తాం."

గుమాస్తాకి భార్య గుర్తొచ్చింది. ఆరింటికి ఇంటికొచ్చి, వాషింగ్ మెషీన్ పైపు బిగిస్తానని మాటిచ్చాడు. వారం నుంచి ఇదిగో అదిగో అంటున్నాడు. బీమా ఆఫీసు మనిషి గ్యాస్ గదిలో ఎందుకు చచ్చాడని ఆవిడ ఎవర్ని అడుగుతుంది?

"రెండు రైళ్ళలో ఎంతమంది?"

"తొమ్మిది వందలు. చిన్నది కూడా ఉంది, సార్ మనవరాలు. ఇక్కడికొస్తే నా కేబుల్ టైలన్నీ గొలుసులు చేస్తుంది."

"అయితే తిప్పు."

"ఒక చిన్న ఆశ ఉందన్నా," అంది సీనియర్ లేచి నిలబడుతూ. "సార్ వస్తారు."

"పచ్చ సిగ్నల్ చూసి కంగారుపడా?"

"కంగారు కాదు, కోపం. టైం ఒక్కసారిగా ఆరు నిమిషాలు దూకితే దానర్థం లోకంలో ఇద్దరికే తెలుసు. నాకు, ఆయనకు. అతిథులందరి ముందూ నేను ఆరో అధ్యాయం గొడవ తీశాననుకుంటారు. తిట్టడానికి వస్తారు. తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, ఆ మనిషి తిట్టేది ఎప్పుడూ వాయిదా వెయ్యడు. తాళాలు నడుముకే ఉంటాయి."

"మోకాలు?"

సీనియర్ మానిటర్ తీసి అతని చేతుల్లో పెట్టింది.

ఒకే మానిటర్, ఒకే కీబోర్డు. గుమాస్తా వాటిని మోసుకుంటూ ఒక ర్యాకు నుంచి ఇంకో ర్యాకుకు తిరిగాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అత్తని ఆపారు. నేల కిందనుంచి సన్నగా చప్పట్లు వినిపించాయి. బావని ఆపారు. మళ్ళీ చప్పట్లు. మరదలు ఆగగానే ఈలలు కూడా.

"ఇంత గౌరవం నాకెప్పుడూ దక్కలేదు," అని గొణిగింది సీనియర్.

ఒక్కొక్కటీ లేవడానికి మూడేసి నిమిషాలు. అత్త తెల్ల స్క్రీన్ మీద టైం అడిగింది. పద్నాలుగు కలిపి అలాగే నిలబెట్టారు. బావ మొరాయించాడు. మొదటిసారి లేవలేదు. గుమాస్తా ఆ ఇనుప డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. లేచాడు. మరదలికి పద్నాలుగు కలిపేసరికి గోడ మీద నాలుగూ యాభై మూడు దాటింది.

"ముగ్గుర్నీ ఒకేసారి వదలాలి. మీరు అత్త, బావ. నేను మరదలు. ఊఁ!"

వదిలారు. లైట్లు ఎర్రగా, పసుప్పచ్చగా, చివరికి పచ్చగా మారాయి. చిన్నవాళ్ళు ముగ్గురూ తిరిగొచ్చి ఇంట్లో కూర్చున్నారు. ఇక నిమిషం ముల్లు కదలాలి. గుమాస్తా ఊపిరి బిగబట్టాడు, తర్వాత ఊపిరి గురించి ఆలోచించడమే మానేశాడు.

నాలుగూ యాభై నాలుగు.

గోడ స్క్రీన్ మీద ఉమ్మడి గడియారం ఒక్కసారి రెప్ప కొట్టింది. అయిదు గంటలు.

బిల్డింగు మొత్తం మీద తలుపులు టకటకా బిగుసుకున్న చప్పుడు. జంక్షన్ బొమ్మలో రెండు లైన్లూ పచ్చబడ్డాయి. కింద చప్పట్లు లేవు. తలమీద సైరన్ కూసింది. "అరవై సెకన్లలో గ్యాస్ విడుదల," అంది ఒక రికార్డింగు గొంతు, ఎంతో మర్యాదగా.

ఇద్దరూ తలుపుకి వీపులానించి కూర్చున్నారు. యాభై. నలభై అయిదు. సీనియర్ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకు చావాలని లేదన్నా. థీసిస్ ఇవ్వకుండా అసలు లేదు."

"నాకూ లేదమ్మా. భయంగా ఉంది." ఇరవై రెండేళ్ళలో గుమాస్తా ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ముప్పై. ఎక్కడో తాళం తీసిన చప్పుడు. ఇరవై అయిదు. మెట్ల మీద అడుగులు. ఒకటి గట్టిగా, ఒకటి ఈడ్చుకుంటూ. టప్... సర్. టప్... సర్. అంత అందమైన నడక గుమాస్తా జన్మలో వినలేదు.

"ఎక్కడ అది? ఇవాళే దొరికిందా దీనికి? రైల్వేవాళ్ళ ముందు నా పరువు తీస్తుందా!"

పదిహేను. తలుపులో తాళంచెవి తిరగలేదు. ఇంకోటి పెట్టారు. అదీ కాదు.

"సార్! లివర్! ముందు లివర్ లాగండి!"

"నువ్వు నాకు చెప్పేదేంటి? నీ గైడ్ ఎవరు?"

"మీరే సార్! గ్యాస్ సార్!"

ఆరు. అయిదు. నాలుగు. సైరన్ కొస తెగినట్టు ఆగిపోయింది. మూడో తాళం తిరిగింది. తలుపు తెరుచుకుంది. చేత్తో లివర్ పట్టుకుని, మొహం జేవురించి, రొప్పుతూ సార్ నిలబడి ఉన్నారు.

"ఆరో అధ్యాయమా ఇది? చెప్పు, ఆరో అధ్యాయమేనా?"

సీనియర్ ఏడుస్తూ నవ్వుతూ స్క్రీన్ వైపు చెయ్యి చూపించింది. సార్ చూశారు. కోపంలో గడియారం ఒక్కటే చూసి పరిగెత్తుకొచ్చిన మనిషి, ఇప్పుడు సిగ్నళ్ళు చూశారు. రెండు లైన్లు. రెండూ పచ్చ. చేతిగడియారం చూసుకున్నారు. నాలుగూ యాభై అయిదు. తాళాల గుత్తి చేతిలోంచి జారిపోయింది. ఆ చెడ్డ మోకాలు మడిచి అక్కడే నేలమీద కూలబడిపోయారు.

"మొదటి బోగీ..." అన్నారు. సీనియర్ పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

గుమాస్తా అప్పటికే గడప దాటేశాడు. ఇనుపగోడల బయట నాలుకతో పంటిని మూడుసార్లు నొక్కాడు. "పెద్దాయనా, నెమలి ఇక్కడి విజిటింగ్ మేడమ్, మనది కాదు. పట్టుకోండి."

పట్టుకోవడానికి పెద్ద కష్టపడక్కర్లేకపోయింది. బిల్డింగు వాకిలికి రెండు అద్దాల తలుపులు, ఒకటి మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. మేడమ్ నాలుగూ యాభై నాలుగుకి ఆ రెండింటి మధ్యకు అడుగుపెట్టింది. తన ఆజ్ఞ ప్రకారమే తలుపులన్నీ బిగుసుకున్నాయి. బయట కారు హారన్ కొడుతోంది. లోపల మేడమ్ బట్టల షాపు అద్దంలో బొమ్మలా నిలబడి ఉంది. అద్దానికి ఇవతలకు గుమాస్తా వచ్చి నిలబడ్డాడు.

"శాలువా కప్పుకోండి," అన్నాడు. అద్దం మందంగా ఉంది. వినపడిందో లేదో.

రైళ్ళు రెండూ మనుషుల సిగ్నళ్ళ మీదే, ఒకదాని తర్వాత ఒకటి, క్షేమంగా జంక్షన్ దాటాయి. బోర్డు మీద రెండు పచ్చలు చూడగానే రైల్వే పెద్ద అధికారి తన తాళం తీసి జేబులో వేసుకుని, పైన గుండీ కూడా పెట్టుకున్నాడట. మనవరాలు ఫోన్‌లో మాట్లాడితే సార్ "ఊఁ, ఊఁ" అంటూ అయిదు నిమిషాలు విన్నారు. ఫోన్ పెట్టేశాక కళ్ళద్దాలు తుడుచుకుంటూ సీనియర్ దగ్గరకు వచ్చారు.

"నువ్వు చెప్పిందే నిజం. పిచ్చి టైం చెప్పేవాణ్ణి లెక్కలోంచి తీసెయ్యాలి. నాలుగేళ్ళు నేనే మొండికేశాను."

"థాంక్యూ సార్."

"కానీ తీసేసి ఉంటే ఇవాళ ఈ రైళ్ళు దక్కేవి కావు. అదీ నిజమే కదా?"

సీనియర్ మొహంలో రంగు మారింది. "అదీ... నిజమే సార్."

"అంటే సమస్య ఇంకా లోతైనది. చాలా లోతైనది." సార్ కళ్ళు మెరిశాయి. "ఆరో అధ్యాయం మొత్తం మళ్ళీ రాయాలి. తొందరేం లేదు. ఇంకో రెండేళ్ళు చాలు."

ఆయన కుంటుకుంటూ వెళ్ళిపోయారు. సీనియర్ జుట్టులోని కేబుల్ టై సర్దుకుని, పనిముట్ల బెల్టు విప్పుతున్న గుమాస్తా వైపు తిరిగింది.

"అన్నా, మీ ఆఫీసులో ఖాళీలేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా. కానీ ఒక్కసారి చేరితే బయటికి వచ్చే దారి ఉండదు."

"అదేముందన్నా," అంది సీనియర్. "నాకు అలవాటే."